హైదరాబాద్ చలికి ఇల్లు సిద్ధం చేసుకోవడం ఎలా: దీపావళి నుంచి శివరాత్రి దాకా

సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టిందంటే హైదరాబాద్‌కి చలికాలం వచ్చేసినట్టే. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. అంటే రాత్రిపూట ఇంట్లో వేడి అంతకంటే దిగిందన్నమాట. వార్తల్లో వచ్చేది బేగంపేట వాతావరణ కేంద్రం లెక్క, ఈ సీసా చెప్పేది మీ ఇంటి లెక్క.

మన చలి తీరు వేరు. డిసెంబరు, జనవరిలో కూడా మధ్యాహ్నం 28 డిగ్రీల దాకా ఉంటుంది, చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతాం. అదే రోజు తెల్లవారుజామున 14, 15కి పడిపోతుంది. ఉత్తరాది నుంచి చలిగాలులు దిగిన రోజుల్లో పటాన్‌చెరు, రాజేంద్రనగర్, సెంట్రల్ యూనివర్సిటీ వైపు 10 లోపుకి కూడా వెళ్తుంది. నగరంలో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. మంచు కురిసే ఊరు కాదు, పైపుల్లో నీళ్ళు గడ్డకట్టే ఊరు కాదు. అయినా ఉదయం అయిదు గంటలకు బాత్‌రూమ్ గచ్చు మీద కాలు పెట్టినప్పుడు ప్రాణం జివ్వుమంటుంది. ఎందుకంటే మన ఇళ్ళు కట్టింది ఎండని తట్టుకోవడానికి. పలచటి కిటికీలు, రాతి గచ్చు, గాలి ఆడే వెంటిలేటర్లు, మూత లేని స్లాబు.

కాబట్టి ఢిల్లీ వాళ్ళు, సిమ్లా వాళ్ళు చేసినట్టు ఇల్లంతా బిగించేసి హీటర్ పెట్టుకోవాల్సిన పని లేదు. మనకి రోజూ ఏడెనిమిది గంటలు మంచి ఎండ ఉంటుంది. దాన్ని పగలు లోపలికి రానిచ్చి, పొద్దు వాలకముందే తలుపులు వేసేసి, ఆ వేడిని తెల్లారేదాకా నిలుపుకోగలిగితే పని అయిపోయినట్టే. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క పనికి సంబంధించినవే. కరెంటు, దోమలు, ఇడ్లీపిండి లాంటి తలనొప్పులు కొన్ని దానికి తోడు.

ముందు చలి ఎక్కడ దూరుతోందో చూడండి

ఏదైనా కొనేముందు ఒక రోజు తెల్లవారుజామున ఇల్లంతా తిరగండి. సూర్యోదయానికి కాస్త ముందు ఇల్లు బాగా చల్లబడి ఉంటుంది. డిసెంబరు, జనవరిలో మనకి సూర్యుడు వచ్చేసరికి దాదాపు ఆరున్నర దాటుతుంది కాబట్టి మరీ కోడికూతకి లేవక్కర్లేదు. ఫ్యాన్లన్నీ ఆపి, ఒక అగరుబత్తి వెలిగించి చేతిలో పట్టుకోండి. మెయిన్ డోర్ కింది సందు దగ్గర, స్లైడింగ్ కిటికీ రెండు తలుపులు కలిసేచోట, ఏసీ పైపు గోడలోంచి బయటికి వెళ్ళే కంత దగ్గర, బాత్‌రూమ్ వెంటిలేటర్ దగ్గర పెట్టి చూడండి. పొగ నిటారుగా లేస్తే సరే. పక్కకి వంగి సాగితే చల్లగాలి అక్కడి నుంచే వస్తోంది. పెన్సిల్‌తో గోడ మీద చిన్న గుర్తు పెట్టుకోండి. చాలా ఇళ్ళలో ఏసీ పైపు కంతే అసలు దొంగ. బిగించడానికి వచ్చినవాళ్ళు పెద్ద కన్నం కొట్టి కాస్త పుట్టీ అద్ది వెళ్ళిపోతారు, ఆ పుట్టీ రెండు వేసవులకే ఎండి రాలిపోతుంది.

మీ ఫ్లాట్ ఏ అంతస్తులో ఉందన్నది కూడా ముఖ్యం. పైఅంతస్తు వాళ్ళకి కష్టం ఎక్కువ. మేఘం లేని పొడి రాత్రుల్లో స్లాబు తన వేడినంతా నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. రాత్రి ఎనిమిదింటికి గది వెచ్చగానే ఉందనిపిస్తుంది, పగలు తాగిన ఎండ ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి. తెల్లవారుజాముకి అదే గది ఇల్లంతటిలోకీ చల్లగా మారుతుంది. పైఅంతస్తులో ఉత్తరం వైపు గది పసిపిల్లల పడకగది అయితే ఈ మూడు నెలలు మార్చేయడమే మంచిది. ఇంట్లో మంచాలు మార్చడానికి పైసా ఖర్చు కాదు, హీటర్ కొనడానికి అవుతుంది.

ఊరి మధ్యలో ఉన్నారా, శివార్లలోనా అన్నది మరో సంగతి. అమీర్‌పేట్‌లో, అబిడ్స్‌లో కాంక్రీటు రాత్రంతా వేడి వదులుతూ ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, ఖాళీ స్థలాల మధ్య విల్లాల్లో ఉంటే నాలుగైదు డిగ్రీల తేడా తెలుస్తుంది. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంఘం తన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలు రోజూ ఇస్తుంది. మీ ప్రాంతానికి దగ్గరి కేంద్రంలో కనిష్ఠం ఎంతో వారం రోజులు చూస్తే ఎంత ఏర్పాటు కావాలో తెలిసిపోతుంది.

వానాకాలం బాకీలు తీర్చండి

ఇది అక్టోబరు ఆఖరు, నవంబరు మొదటి వారాల పని. వానల్లో చెమ్మ పీల్చుకున్న గోడ చలికాలంలో మరింత చల్లగా ఉంటుంది, బూజు వాసనా అప్పుడే బయటపడుతుంది.

టెర్రస్ ఎక్కి నీళ్ళు నిలిచిన మరకలు, పారపెట్ గోడ అడుగున నెర్రెలు, ట్యాంకు కింద పగుళ్ళు చూడండి. వాటర్‌ప్రూఫింగ్ చేయించాలంటే ఇదే సరైన కాలం. స్లాబు పొడిగా ఉంటుంది, మండే ఎండ లేదు కాబట్టి కొత్త సిమెంటు బీటలు వారదు. చలికి సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది, మేస్త్రీ తొందరపడినా మీరు క్యూరింగ్ నీళ్ళు మానొద్దు. ఒక్క మాట. టెర్రస్ మీద తెల్లటి కూల్ పెయింట్ వేయించాలనుకుంటే ఇప్పుడొద్దు. అది ఎండని తిప్పికొడుతుంది, చలికాలంలో మనకి కావాల్సింది ఆ ఎండే. ఫిబ్రవరి ఆఖరుకి వాయిదా వేసుకోండి.

ఇంట్లో బీరువాలు, కప్‌బోర్డులు ఉత్తరం గోడకి ఆనించి ఉంటే ఒక జానెడు ముందుకి జరపండి. గాలి ఆడకపోతే వెనకాల బూజు పడుతుంది. నల్లమచ్చలు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఆ తర్వాతే పెయింటు సంగతి చూడండి. చెమ్మ మీద పెయింటు వేస్తే సంక్రాంతికి ముందే పెచ్చులు లేస్తుంది.

ఎయిర్ కూలర్‌ని ఇప్పుడే సర్దేయండి. నీళ్ళన్నీ వంపేసి, గడ్డి ప్యాడ్లు తీసేసి, ట్యాంకు అడుగున పేరుకున్న జిగట బ్రష్షుతో రుద్ది కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టి అప్పుడు మూత కప్పాలి. బాల్కనీలో అలాగే వదిలేస్తే అడుగున మిగిలిన చారెడు నీళ్ళే దోమలకి పురిటిగది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కి ప్లాస్టిక్ కవరు గట్టిగా చుట్టేవాళ్ళున్నారు. లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది, పైగా ఎలకలకి మంచి ఇల్లు అవుతుంది. పైన ఒక రేకు ముక్క చాలు.

ఎండని లోపలికి పిలవండి

హైదరాబాద్ భూమధ్యరేఖకి 17 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉంది. దీని అర్థం ఇంటి విషయంలో ఏమిటంటే, జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, డిసెంబరులో మాత్రం దక్షిణానికి బాగా వంగి 49 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. అందుకే దక్షిణం కిటికీలోకి వేసవిలో రాని ఎండ చలికాలంలో గదిలోకి వస్తుంది. రెండడుగుల సన్‌షేడ్ ఉన్నా కిటికీ కింది భాగంలోంచి దూరి నేల మీద పరుచుకుంటుంది.

మన దగ్గర దక్షిణం అంటే జనానికి భయం. వాస్తు పేరు చెప్పి దక్షిణం కిటికీకి అడ్డంగా బీరువా పెట్టేసిన ఇళ్ళు, ఏకంగా ఇటుకలు పెట్టి మూసేసిన ఇళ్ళు కూడా చూశాను. ఎవరి నమ్మకం వాళ్ళది, కానీ ఈ మూడు నెలలైనా ఆ బీరువా పక్కకి జరపండి. కరెంటు బిల్లు లేని హీటర్ అది.

రోజువారీ క్రమం ఇలా పెట్టుకోండి. ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది అయ్యాక తూర్పు, దక్షిణం కర్టెన్లు పూర్తిగా పక్కకి లాగేయండి. అద్దాల మీద దుమ్ము తుడవండి, వానాకాలం మట్టి పట్టిన అద్దం చాలా ఎండని ఆపేస్తుంది. పదకొండు నుంచి నాలుగు దాకా కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. అప్పుడు బయటి గాలి ఇంట్లో గాలి కంటే వెచ్చగా ఉంటుంది, రాత్రి చెమ్మ కూడా పోతుంది. మధ్యాహ్నం తర్వాత పడమర కర్టెన్లు తీయండి. మే నెలలో తిట్టుకునే పడమటి ఎండ ఇప్పుడు చుట్టం. అది తగిలిన గోడ రాత్రి పది దాకా వెచ్చగా ఉంటుంది.

సాయంత్రం అయిదు, అయిదుంపావుకల్లా అన్నీ మూసేయాలి. డిసెంబరులో అయిదూ నలభై అయిదుకి పొద్దు గూకుతుంది. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి కిటికీలు మూస్తే పగలు సంపాదించిన వేడంతా అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. ఇంట్లో అందరూ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళయితే అద్దాలు మూసి కర్టెన్లు మాత్రం తెరిచి వెళ్ళండి. అద్దంలోంచి ఎండ వస్తుంది, వేడి బయటికి పోదు. అది కూడా చాలా నయం.

కర్టెన్ల విషయంలో డబ్బులు పెట్టాలంటే వెనకాల లైనింగ్ గుడ్డ కుట్టించండి. మామూలు పలచటి కర్టెన్‌కి పాత కాటన్ దుప్పటి కుట్టినా పని జరుగుతుంది. కర్టెన్ కిటికీ చట్రం కంటే అటూ ఇటూ వెడల్పుగా, నేలదాకా ఉంటేనే ఫలితం. పైన రాడ్ దగ్గర, కింద సందుగా వదిలేస్తే కిటికీ దగ్గర చల్లబడిన గాలి కింద నుంచి జారి గదిలోకి వస్తూనే ఉంటుంది.

సందులు మూయడం, కానీ అన్నీ కాదు

పెన్సిల్ గుర్తులు పెట్టుకున్నారు కదా, ఇప్పుడు వాటి సంగతి. మెయిన్ డోర్ కింద అంటించే రబ్బరు పట్టీ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. పాతచీర చుట్ట చుట్టి అడ్డం పెట్టినా సరిపోతుంది, మన అమ్మమ్మలు చేసింది అదే. ఏసీ పైపు కంతని బయటివైపు నుంచి సిలికాన్‌తో మూయించండి. స్లైడింగ్ కిటికీల అంచుల్లో నూగుగా ఉండే బ్రష్ పట్టీ అరిగిపోయి ఉంటే మార్పించండి, మీటర్ల లెక్కన అమ్ముతారు. స్లైడింగ్ ట్రాకులో నీళ్ళు బయటికి పోయే చిన్న కంతలుంటాయి, వాటిని మాత్రం ముట్టుకోవద్దు. పాత చెక్క తలుపులు వానల్లో ఉబ్బి బిగుసుకుపోయాయని నవంబరులోనే చిత్రిక పట్టించకండి. పొడిగాలికి అవే సర్దుకుంటాయి, ఇప్పుడు చెక్కిస్తే జనవరిలో వేలు దూరేంత సందు వస్తుంది.

బాత్‌రూమ్ వెంటిలేటర్ని పూర్తిగా మూయకండి. స్నానం ముందు అట్టముక్క పెట్టి, అయిపోయాక తీసేయండి. బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే ఆ అట్టముక్క కూడా వద్దు. కారణం కింద చెబుతాను.

గీజర్: ఇక్కడ తొందర పడకండి

హైదరాబాద్ ఇళ్ళలో చలికాలపు ఖర్చు, చలికాలపు ప్రమాదం రెండూ ఎక్కువగా గీజర్ దగ్గరే ఉంటాయి. మార్చి నుంచి వాడకుండా ఉన్న గీజర్‌ని నవంబరులో ఒక పొద్దున స్విచ్ వేసి స్నానానికి వెళ్ళిపోకూడదు.

మొదట ప్లగ్ చూడండి. మెయిన్ ఆపి, ప్లగ్ బయటికి లాగి, పిన్నుల్ని వెలుతుర్లో పెట్టి చూడండి. ఇత్తడి మెరుస్తూ ఉంటే సరే. పిన్ను మొదట్లో నల్లటి మసి, ప్లాస్టిక్ మీద గోధుమరంగు మరక, సాకెట్ రంధ్రం అంచు కాస్త కరిగి సాగినట్టు ఉంటే అక్కడ కనెక్షన్ వదులుగా ఉండి కాలుతోందని అర్థం. ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన తెలుస్తుంది. అలాంటిదాన్ని ఒక్క రోజు కూడా వాడొద్దు, ప్లగ్, సాకెట్ రెండూ మార్పించండి. ఒకటి మారిస్తే రెండోది దాన్ని మళ్ళీ కాల్చేస్తుంది.

2000 వాట్ల గీజర్ దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది, 3000 వాట్లది 13. మామూలు 6 యాంప్ సాకెట్‌కి అది మోయలేని బరువు. పెద్ద మూడు పిన్నుల 16 యాంప్ పాయింట్, దానికి విడిగా వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే లైను ఆపేసే స్విచ్) ఉండాలి. అద్దె ఇళ్ళలో వాషింగ్ మెషీన్‌కీ గీజర్‌కీ ఒకే లైను ఇచ్చి ఉంటారు, రెండూ ఒకేసారి వేయకండి. బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని అడగండి. నీళ్ళలోకి కరెంటు లీకయితే రెప్పపాటులో లైను తెంపేది అదే. ఉంటే దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడండి, టప్‌మని పడిపోవాలి. పడకపోతే ఆ బాక్సు గోడకి అలంకారమే. ఎర్తింగ్ కూడా చూపించుకోండి. “అన్నా, ఎర్తింగ్ ఒక్కసారి మీటర్ పెట్టి చూడు” అని అడిగితేనే చూస్తారు, అడక్కపోతే ఎలిమెంట్ మార్చి వెళ్ళిపోతారు.

తర్వాత నీళ్ళు. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళొచ్చే ఇళ్ళలో గీజర్ ఎక్కువ కాలం వస్తుంది. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఎలిమెంట్ మీద తెల్లటి సున్నపు పెచ్చు కడుతుంది. పెచ్చు మందం అయ్యేకొద్దీ నీళ్ళు వేడెక్కడానికి సమయం పెరుగుతుంది, లోపల కెటిల్ కాగినట్టు శబ్దం వస్తుంది. అది సర్వీసింగ్‌కి పిలుపు. సర్వీసింగ్ వాళ్ళు వచ్చినప్పుడు ట్యాంకు ఖాళీ చేయించి, ఎలిమెంట్ శుభ్రం చేయించి, లోపలి మెగ్నీషియం రాడ్ మీకు చూపించమనండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయేది ఆ రాడ్డే. సన్నటి తీగలా మిగిలితే మార్చాలి. కింద ఉండే సేఫ్టీ వాల్వ్ మీట ఎత్తితే నీళ్ళు రావాలి. అది బిగుసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి గీజర్ పేలే ప్రమాదం ఉంటుంది.

స్విచ్ వేసేముందు వేడినీళ్ళ కొళాయి తిప్పి ధార నిండుగా వస్తోందో లేదో చూడండి. ట్యాంకులో నీళ్ళు లేకుండా వేస్తే ఎలిమెంట్ కాలిపోతుంది. థర్మోస్టాట్ 55, 60 మధ్య పెట్టుకుంటే చాలు. 75లో పెట్టి అందులో చన్నీళ్ళు కలుపుకోవడం వేడిని వృథా చేయడమే, పిల్లలుంటే ప్రమాదం కూడా.

ఇక ఖర్చు. 20 లీటర్ల బకెట్ నీళ్ళని 20 డిగ్రీల నుంచి 40కి తేవడానికి దాదాపు అర యూనిట్ పడుతుంది. గీజరైనా, వాటర్ హీటర్ రాడ్డయినా పెద్ద తేడా ఉండదు, నీళ్ళు తాగే వేడి అంతే. నలుగురున్న ఇంట్లో తలో బకెట్ అంటే రోజుకి 2 యూనిట్లు, నెలకి 60. అదే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 60 లీటర్లు సులువుగా పోతాయి, మనిషికి మూడు బకెట్ల ఖర్చు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్ళవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి. 200 యూనిట్లు దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. మామూలుగా 150 దగ్గర ఆగే ఇల్లు చలికాలంలో గీత దాటేది గీజర్ వల్లే. రాత్రంతా ఆన్‌లో ఉంచే అలవాటుంటే మానుకోండి. స్నానానికి ఇరవై నిమిషాల ముందు వేసి, అందరూ ఒకరి తర్వాత ఒకరు ముగించి, ఆపేయండి.

వాటర్ హీటర్ రాడ్ వాడేవాళ్ళకి ఒకే నియమం. ముందు రాడ్ నీళ్ళలో, తర్వాత స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆఫ్, ప్లగ్ కూడా లాగేసి, ఆ తర్వాతే నీళ్ళలో చెయ్యి. నీళ్ళు కాగాయో లేదో అని రాడ్ ఆన్‌లో ఉండగా వేలు ముంచి చూడటం వల్లే ప్రాణాలు పోతుంటాయి. ఇనుప బకెట్ అసలు వద్దు.

టెర్రస్ మీద సోలార్ హీటర్ ఉంటే గొట్టాల మీద దుమ్ము నెలకోసారి కడగండి, ఉదయం ఎండ తగలకముందే. వేడెక్కిన గాజు మీద చన్నీళ్ళు పోస్తే పగులుతుంది. ఏదీ లేనివాళ్ళు మధ్యాహ్నం పూట గంగాళంలో నీళ్ళు నింపి ఎండలో పెట్టండి. మూడింటికి పిల్లల స్నానానికి గోరువెచ్చగా తయారవుతాయి.

కుంపటి, గ్యాస్ గీజర్, రూమ్ హీటర్

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. కాలే బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మత్తుగా అనిపించడం మొదలవుతుంది, నిద్రలో ఉంటే అదీ తెలియదు. గ్యాస్ గీజర్‌దీ అదే కథ. అది బాత్‌రూమ్ లోపల ఉంటే వెంటిలేటర్ తెరిచే ఉంచాలి. ఇంకా మంచిది, గీజర్‌ని బయటి గోడకి మార్పించి వేడినీళ్ళ పైపు మాత్రం లోపలికి తెచ్చుకోవడం. స్నానం చేస్తుంటే తల తిరిగినట్టయితే వెంటనే తలుపు తీసి బయటికి రండి, తేరుకోకపోతే 108కి ఫోన్ చేయండి.

మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ గది ఒకసారి వెళ్ళి చూడండి. చాలాచోట్ల అది రేకు తలుపు, ఎండ పడని గోడలు, కింద ఉత్త గచ్చు. ఆ గదిలో కుంపటి పెట్టుకోక వాళ్ళేం చేస్తారు? అసోసియేషన్ మీటింగులో పార్కింగ్ గొడవల మధ్య అయిదు నిమిషాలు దీనికి కేటాయించి ఒక మంచం, మందపాటి రగ్గు, తలుపుకి రబ్బరు పట్టీ ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చేం కాదు.

రూమ్ హీటర్ మన ఊళ్ళో చాలా ఇళ్ళకి అక్కర్లేదు. పసిబిడ్డ ఉన్నా, ముసలివాళ్ళు ఉన్నా, శివార్లలో పైఅంతస్తులో ఉన్నా అప్పుడు ఆలోచించండి. 2000 వాట్లది రాత్రి నాలుగు గంటలు వాడితే 8 యూనిట్లు, నెలకి 240. కొంటే ఆయిల్ నింపిన రకం తీసుకోండి, గాలిని మరీ పొడిబార్చదు. మంచానికి, కర్టెన్‌కి మూడడుగుల దూరంలో ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించొద్దు. మీ ఏసీ హాట్ అండ్ కోల్డ్ రకమైతే హీటర్ కొనకండి. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది కాబట్టి ఖర్చయ్యే ప్రతి యూనిట్‌కి దాదాపు మూడు రెట్ల వేడి ఇస్తుంది.

పక్కలు, నేల

అటక మీది రగ్గులు, రజాయిలు దించిన రోజే కప్పుకోకండి. వానాకాలం చెమ్మ, నాఫ్తలీన్ గోళీల వాసన, దుమ్ము అన్నీ వాటిలోనే ఉంటాయి. రెండు రోజులు టెర్రస్ మీద ఎండలో పరిచి, మధ్యలో ఒకసారి తిరగేసి, కర్రతో దులపండి. సాయంత్రం నాలుగున్నరకల్లా లోపలికి తెచ్చేయాలి, లేదంటే మంచు చెమ్మ మళ్ళీ ఎక్కుతుంది. దూది ఉండలు కట్టిన పాత రజాయిని పారేయకుండా దూది ఏకేవాళ్ళకి ఇస్తే మళ్ళీ మెత్తగా చేసి కుట్టి ఇస్తారు. గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి ఇంట్లో ఉంటే అదృష్టం. గరుకుగా ఉంటుందని పిల్లలు ఒప్పుకోరు, లోపల కాటన్ దుప్పటి, పైన గొంగడి వేసి చూడండి. ఒక్క లావు రగ్గు కంటే రెండు పలచటివి కలిపి కప్పుకుంటేనే వెచ్చగా ఉంటుంది, మధ్యలో చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుంది.

పరుపు కింద నుంచి వచ్చే చలిని చాలామంది పట్టించుకోరు. నేల మీద పడుకునే ఇళ్ళలో, షాబాద్ బండలు, గ్రానైట్ పరిచిన గదుల్లో ముందు చాప, దాని మీద జంపఖానా, ఆ పైన పరుపు వేయండి. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన్నికకి వాటికి వంక పెట్టలేం. మంచం దిగే చోట, వంటగదిలో నిలబడే చోట, పూజగదిలో కూర్చునే చోట ఒక్కో ముక్క పరిస్తే చాలు.

వంటగది

మే నెలలో ఆరు గంటల్లోనే పొంగి కారిపోయే ఇడ్లీపిండి జనవరిలో పొద్దున లేచి చూస్తే రుబ్బినది రుబ్బినట్టే ఉంటుంది. పిండి పులియడానికి 28 నుంచి 32 డిగ్రీలు కావాలి. మినప్పప్పుతో పాటు పావు చెంచా మెంతులు నానబెట్టండి, గ్రైండర్‌లో ఫ్రిజ్ నీళ్ళకి బదులు గోరువెచ్చటి నీళ్ళు పోయండి, రుబ్బాక చేత్తో బాగా కలపండి. గిన్నెని ఆఫ్ చేసిన ఓవెన్‌లో లోపలి లైటు వేసి పెడితే తెల్లారేసరికి పొంగుతుంది. ఓవెన్ లేకపోతే పెద్ద హాట్‌బాక్సులో మరిగిన నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి మూసేయండి. మామూలు కంటే నాలుగైదు గంటలు ముందే రుబ్బుకోవడం అన్నిటికంటే తేలిక.

పెరుగుకి పాలు వేసవిలో కంటే కాస్త ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు, వేలు పెడితే చురుక్కుమనకుండా వెచ్చగా తగిలేటప్పుడు తోడు వేయండి. తోడు కూడా అర చెంచా ఎక్కువ. గిన్నెకి టవల్ చుట్టి హాట్‌బాక్సులో పెడితే గట్టిగా తోడుకుంటుంది. ఫ్రిజ్ డయల్ రెండు అంకెలు తగ్గించండి.

దోమలు, పొగ

చలికి దోమలు పోతాయనుకుంటాం. డెంగీ దోమ తగ్గే మాట నిజమే, కానీ మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలకి ఇది పండగ కాలం. మూసీ పక్కన, నాలాల పక్కన, గుర్రపుడెక్క కమ్మిన చెరువుల పక్కన ఉండేవాళ్ళకి ఫిబ్రవరి, మార్చి దాకా ఇదే బాధ. కిటికీలు అయిదింటికి మూసేయాలనడానికి ఇది రెండో కారణం. మెష్ చిరుగులు ఇప్పుడే కుట్టించండి, బాత్‌రూమ్ వెంటిలేటర్‌కి కూడా మెష్ వేయించండి. మూసిన గదిలో రాత్రంతా కాయిల్ కాల్చడం కంటే దోమతెర ఎంతో మేలు.

చలికాలంలో భూమికి దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండి మూతలా పనిచేస్తుంది. బండ్ల పొగ, చెత్త కాల్చిన పొగ, కట్టడాల దుమ్ము కిందే నిలిచిపోతాయి. తెల్లవారుజామున, రాత్రి గాలి బాగోదు, మధ్యాహ్నం మెరుగు. సనత్‌నగర్, బొల్లారం, జూపార్క్, పాశమైలారం కేంద్రాల లెక్కలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో చూసుకోవచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్ళు వాకింగ్‌ని ఎనిమిది తర్వాతకి మార్చుకోవాలి. ఉదయం ఊడ్చిన ఆకులకి నిప్పు పెట్టే పద్ధతి మీ కాలనీలో ఉంటే ఆపించండి, ఆ పొగ పోయేది మీ పడకగదిలోకే.

పెద్దవాళ్ళు, మొక్కలు

రాత్రి బాత్‌రూమ్‌కి లేచే పెద్దవాళ్ళ మంచం పక్కన చెప్పులు, ఒక శాలువా, దారిలో చిన్న నైట్‌ల్యాంప్ ఉంచండి. వెచ్చటి పక్కలోంచి గబుక్కున లేచి చల్లటి గచ్చు మీద అడుగేస్తే తూలిపడతారు. తలస్నానాలు మధ్యాహ్నానికి మార్చండి, నాన్నగారు ఒప్పుకోకపోయినా. బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేయకపోవడమే మంచిది, కార్తీకమైనా సరే.

తులసి చలికి ఆకులు రాలుస్తుంది. రాత్రి పూట కుండీని గోడ పక్కకి జరిపి పాత పంచె కప్పండి, నీళ్ళు ఉదయం ఎండ వచ్చాక కొద్దిగా పోయండి. కరివేపాకు ఈ కాలంలో చిగురు వేయదు, ఎండిపోయిందని పీకేయకండి, మార్చిలో లేస్తుంది.

ఫిబ్రవరిలో

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, మన ఊళ్ళో కొన్నేళ్ళు అంతకుముందే పోతుంది. రాత్రి కనిష్ఠం 18 దాటడం మొదలవగానే రగ్గులు ఉతికి, బాగా ఎండబెట్టి, వేపాకు లేదా నాఫ్తలీన్ వేసి కట్టేయండి. గీజర్ ప్లగ్ లాగేయండి. రూమ్ హీటర్ దుమ్ము దులిపి అట్టపెట్టెలో పెట్టండి. దక్షిణం, పడమర కర్టెన్లు మళ్ళీ మధ్యాహ్నం మూయడం మొదలుపెట్టండి. మెష్ మాత్రం తీయొద్దు. టెర్రస్ కూల్ పెయింట్‌కి మనిషిని ఈ నెలలోనే మాట్లాడుకోండి, మార్చి దాటితే దొరకరు.